ఇది ఏ నీరు?

కొట్టు వెనక గోడకు చెమ్మ పట్టగానే యజమాని కబురు పెట్టేది మేస్త్రీకి. ఆయన వచ్చి గోడను వేళ్లతో తట్టి చూస్తాడు. "పెచ్చు తీసేసి ఒక కోటింగు కొట్టిస్తే సరిపోద్దండీ" అంటాడు. రెండు రోజుల పని, ఒక డబ్బా వాటర్‌ప్రూఫ్ రంగు. మరుసటి వానాకాలానికి మరక అదే గోడ మీద మూరెడు పక్కకు జరిగి మళ్లీ తేలుతుంది. పనితనంలో లోపం ఉండకపోవచ్చు. పనికి ముందు అడగాల్సిన ప్రశ్నే ఎవరూ అడగలేదు: ఆ గోడలో ఉన్నది ఏ నీరు?

నీళ్లన్నీ ఒకటే కదా అనుకుంటాం. ప్రకాశం జిల్లా దర్శి లాంటి ఊళ్లో మాత్రం అలా అనుకోవడానికి వీల్లేదు. ఇక్కడి బజారులో ఒక మామూలు కాంప్లెక్సును ఊహించుకుందాం. కింద ఎరువుల కొట్టు, పక్కన బట్టల షాపు, పైన క్లినిక్కు, మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, వెనక బోరు. ఆ కొట్టు గోడలోకి ఐదు దారుల్లో నీరు రావచ్చు. శ్లాబు మీద నిలిచిన వాన ఒకటి. బోరు నుంచి ట్యాంకుకు ఎక్కే నీరు ఇంకొకటి. కుళాయికి వచ్చే నాగార్జునసాగర్ నీరు, పై అంతస్తు బాత్‌రూముల్లో వాడి వదిలిన నీరు, నేలలోంచి పైకి పాకే చెమ్మ మిగతా మూడు. ఎక్కడి నుంచీ కారకుండానే వచ్చే ఆరో నీరు కూడా ఉంది, దాని సంగతి కాస్త ఆగి చూద్దాం. మరకను చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. మరమ్మతు మాత్రం దేనికదే.

ఈ ప్రాంతపు నేల నీటికి ఒక పాత కథ ఉంది. దర్శి, పొదిలి, కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోవి. మన దేశంలో ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదట వివరంగా నమోదు చేసింది ఆ జిల్లా జనంలోనే, 1937లో. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారినా కింది రాయి మారదు కదా. గ్రానైటు జాతి రాళ్లలోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నెమ్మదిగా నీళ్లలోకి దిగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి నేలలోని లవణాలు కొట్టుకుపోకుండా చిక్కబడతాయి. అందుకే పడమటి మండలాల బోర్లలో లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములకు మించి లవణాలు ఉండటం మామూలే. తాగేనీటికి మన జాతీయ ప్రమాణం కోరేది 500 లోపు. వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు సరిపెట్టుకోమంటుంది.

సాగర్ నీరు దూరం నుంచి వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ తాలూకు దర్శి బ్రాంచి కాలువ ద్వారా కృష్ణా నీరు ఈ మెట్ట ప్రాంతానికి చేరింది. ఆ నీటిలో లవణాలు సాధారణంగా లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములే. ఇక వాన నీటిలో పదుల్లో ఉంటాయి. ఒకే గోడకు దగ్గరలో ఇంత తేడా గల మూడు నీళ్లున్నాయంటే, లీకు వెతికేవాడికి సగం పని తప్పినట్టే.

ఆ తేడాను పట్టడానికి లేబరేటరీ అక్కర్లేదు. ఆర్‌ఓ మిషన్లు బిగించే కుర్రాడి జేబులో పెన్ను లాంటి టీడీఎస్ (కరిగిన లవణాల) మీటరు ఉంటుంది. అది లవణాలను నేరుగా తూచదు. నీటిలోంచి కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో కొలిచి, ఆ అంకెను ఒక గుణకంతో హెచ్చించి చూపిస్తుంది. శుద్ధమైన నీరు కరెంటును దాదాపు పోనివ్వదు, కరిగిన ఉప్పే దాన్ని మోస్తుంది. శ్లాబు నుంచి పడే చుక్కల్ని శుభ్రమైన గ్లాసులో పట్టండి. బోరు నీరు ఒక గ్లాసులో, కుళాయి నీరు మరో గ్లాసులో తీసుకుని మూడింటి అంకెలూ పక్కపక్కన రాసుకోండి. చుక్కల అంకె బోరు అంకెకు దగ్గరగా ఉంటే ట్యాంకునూ దాని పైపులనూ అనుమానించాలి. కుళాయి అంకెకు దగ్గరైతే సాగర్ నీటి లైనును చూడాలి. బోరు కంటే బాగా తక్కువ వస్తే బోరు పైపుల మీద అనుమానం చాలావరకు తీరిపోతుంది, ఎందుకంటే కాంక్రీటులోంచి వచ్చే నీటికి దారిలో లవణాలు తోడవుతాయే గానీ పోవు.

ఆ తోడయ్యే లవణాల వల్లే ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. శ్లాబు మీద నిలిచిన వాన నీరు నాలుగైదు అంగుళాల కాంక్రీటు దాటి వచ్చేసరికి అందులోని సున్నాన్ని కరిగించి మోసుకొస్తుంది. టీడీఎస్ పెరిగిపోయి, వాన నీరు కాస్తా కుళాయి నీరులా, ఒక్కోసారి బోరు నీరులా కూడా కనబడుతుంది. దీనికి విరుగుడు వంటింట్లో ఉంది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన తెల్లకాగితం మీద ఆ చుక్క వేయండి. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని కుంకుమ చేసేవాళ్లందరికీ తెలుసు. కాగితం ఎర్రబడితే ఆ నీరు సిమెంటులో చాలాసేపు నానుతూ వచ్చిందని అర్థం. రంగు మారకపోతే పైపు పగులు చుక్క పడే చోటుకు దగ్గర్లోనే ఉండొచ్చు. ఇక్కడా ఓ చిక్కు ఉంది: సబ్బు నీళ్లు కూడా పసుపును ఎర్రబరుస్తాయి. పైన బట్టలు ఉతికే చోటు ఉంటే ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుని పైవాళ్లతో తగాదాకు దిగకండి.

లవణాల్లాగే ఫ్లోరైడు కూడా నీటి జాడ చెబుతుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1964 నుంచి పళ్ల ఆరోగ్యం కోసం కుళాయి నీళ్లలో కొద్దిగా ఫ్లోరైడు కలుపుతున్నారు. అలా కలిపే ఊళ్లలో రోడ్డు పక్కన చెమ్మ తేలితే ఆ నీటిలో ఫ్లోరైడు ఉందేమో చూస్తారు. ఉంటే పైపు పగిలినట్టు, లేకపోతే నేల ఊట అనుకుంటారు. దర్శిలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఫ్లోరైడు ఎక్కువుంటే నేల నీరు, తక్కువుంటే సాగర్ పైపు. తరాల పాటు ఎముకలు వంచిన పదార్థం లీకు వెతకడానికైనా పనికి రావడం వింతే.

నీటికి గుర్తు పెట్టి వదిలి, అది ఎక్కడ తేలుతుందో చూడటం పాత విద్యే. ఈ విద్యలో పేరుపడ్డ ప్రయోగం వెనకా ఓ వ్యాపార తగాదా ఉంది. జర్మనీలో డాన్యూబ్ నది ఇమ్మెండింగెన్ దగ్గర సున్నపురాతి పగుళ్లలోకి ఇంకిపోతుంది. అక్కడికి 12 కిలోమీటర్ల దూరంలో ఆఖ్ అనే పెద్ద ఊట పొంగుతుంది. నదిలో నీళ్లు తగ్గుతున్నాయి, పగుళ్లు పూడ్చాలని డాన్యూబ్ ఒడ్డు మిల్లుల యజమానులు పట్టుబట్టారు. అలా చేస్తే మా చక్రాలు ఆగిపోతాయని ఆఖ్ ఒడ్డువాళ్లు అడ్డుపడ్డారు. ఆ నీరూ ఈ నీరూ ఒకటేనా అన్నది తేలాలి. 1877లో అడాల్ఫ్ క్నోప్ అనే భూగర్భ శాస్త్రవేత్త 10 కిలోల ఫ్లోరెసిన్ రంగు, 20 టన్నుల ఉప్పు, కొంత రాతినూనె ఆ పగుళ్లలో పోయించాడు. సుమారు 60 గంటలకు ఆఖ్ ఊట పచ్చగా మెరిసింది, ఉప్పగా మారింది, నూనె వాసన కొట్టింది. నది లీకు ఎక్కడ తేలుతోందో రుజువైంది. తగాదా మాత్రం తీరలేదు, తర్వాత కోర్టులకు కూడా ఎక్కింది.

మనకు అంత ఆర్భాటం అక్కర్లేదు. పై అంతస్తు బాత్‌రూములో నహానీ ట్రాప్ లీకవుతోందని అనుమానముంటే, మిఠాయి రంగు కలిపిన ఒక బకెట్టు నీళ్లు అందులో పోసి ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండాలి. కింద రంగు తేలితే రుజువు దొరికినట్టే. తేలకపోతే మాత్రం ఏమీ తేలనట్టే, ఎందుకంటే ఇటుక, సున్నం దారిలోనే రంగును పీల్చేసుకుంటాయి. శ్లాబు మీద అనుమానముంటే పిట్టగోడ లోపల ఒక భాగానికి మట్టికట్ట కట్టి, రెండు మూడు సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలిపి ఒక రోజు చూడాలి. తర్వాత పక్క భాగం. మొత్తం మిద్దెను ఒకేసారి తడిపితే లీకు ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడో తెలియదు.

వీటన్నిటికన్నా చవకైన సాధనం గడియారం. ఎప్పుడు కారుతోందో నాలుగు రోజులు గోడ మీదే రాసి పెట్టండి. పగలూ రాత్రీ ఒకేలా కారితే అది ఒత్తిడితో నిండి ఉండే పైపు. క్లినిక్కు తెరిచి ఉన్నప్పుడే కారితే వాడి వదిలిన నీరు. కుళాయి వదిలే వేళల్లోనే ఉబికితే ఊరి లైను. వాన వెలిసిన చాలాసేపటికి మొదలై రెండు రోజులు ఆగకపోతే శ్లాబు. మిద్దె మీది ట్యాంకుదేమో అనిపిస్తే, రాత్రి షట్టరు దించేముందు దాని వాల్వు కట్టేసి నీటి మట్టానికి గీత పెట్టాలి. మీటరు వ్యాసం ఉన్న ట్యాంకులో తెల్లారేసరికి మట్టం ఒక సెంటీమీటరు తగ్గిందంటే సుమారు 8 లీటర్లు పోయినట్టు. వాల్వు కట్టేసి ఉన్నా తగ్గితే తప్పు ట్యాంకుది. వాల్వు తెరిచినప్పుడు మాత్రమే తగ్గితే పైపులది.

చిన్న రంధ్రాన్ని చిన్నచూపు చూడకూడదని ఒక పాత సూత్రం చెబుతుంది. నీటి మట్టానికి ఎంత కింద రంధ్రం ఉందో, ఆ ఎత్తు నుంచి కింద పడే వస్తువుకు ఉండేంత వేగంతో నీరు బయటికి దూకుతుందని ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 1644లో ప్రచురించాడు. ట్యాంకు మట్టానికి 3 మీటర్ల కింద పైపులో మిల్లీమీటరు వెడల్పు చిల్లు ఉంటే అక్కడ వేగం సెకనుకు 7.7 మీటర్లు. ధార సన్నబడటాన్ని లెక్కలోకి తీసుకున్నా గంటకు 13 లీటర్లు, రోజుకు 300 లీటర్ల పైన. పెన్సిలు ములుకంత చిల్లు గోడలో రోజుకు ఒకటిన్నర డ్రమ్ము పోస్తోందన్నమాట. ఊరి లైనులో ఇంకో ప్రమాదం ఉంది. నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగి పైపులో ఒత్తిడి పడిపోగానే, అంతదాకా నీటిని బయటికి చిమ్మిన చిల్లే చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. హోటలు, టీ కొట్టు నడిపేవాళ్లకు లీకు నీటి బిల్లు సమస్య కన్నా ముందు ఆరోగ్య సమస్య.

పైపులు ఎందుకు పగులుతాయన్నదానికి నల్లరేగడి నేలల్లో జవాబు కాళ్ల కిందే ఉంది. ఆ మట్టిలోని బంకరేణువులు నీరు తగిలితే ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుంటాయి. మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలిచ్చిన నేలే తొలకరికి మూసుకుపోతుంది. ఏటా ఇలా కదిలే నేలలో పాతిన పైపు అతుకు ఏదో ఒక ఏడు విడిపోతుంది. పైపు చుట్టూ ఇసుక పరచమని ఇంజనీర్లు చెప్పేది అందుకే. కందకం పూడ్చే రోజు ఇసుక ట్రాక్టరు ఖర్చు ఎక్కువనిపించి తవ్విన మట్టినే తోసేస్తారు.

నేల చెమ్మది వేరే తీరు. దానికి పగులు అక్కర్లేదు. ఇటుకలోని సూక్ష్మరంధ్రాలే దారి, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు నీరు వాటిలో ఎక్కుతుంది. రంధ్రం ఎంత సన్నమైతే అంత ఎత్తు: మిల్లీమీటరులో నూరో వంతు వ్యాసార్ధం ఉన్న గొట్టంలో నీరు దాదాపు ఒకటిన్నర మీటర్లు లేస్తుంది. గోడ మీద నుంచి ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా మనిషి నడుము, భుజం మధ్య ఎక్కడో ఆగుతుంది. అక్కడే తెల్లటి పొడి గీతలా తేలుతుంది. నీరు ఎగిరిపోయి ఉప్పు మిగిలిపోవడం వల్ల వచ్చేది అది. ఆ ఉప్పు ప్లాస్టరు లోపల స్ఫటికాలు కడుతూ పెరిగి దాన్ని పొట్టుపొట్టుగా రాలుస్తుంది. ఇలాంటి గోడకు బయట నుంచి నీరు పోనివ్వని రంగు వేయడం నా ఉద్దేశంలో డబ్బు దండగ. ఆవిరయ్యే దారి మూసేస్తే చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. ఇల్లు కట్టేటప్పుడే పునాది మీద నీరు ఎక్కకుండా డీపీసీ పొర వేయించడమే దీనికి మందు. వేయించని పాత కొట్టులో మిగిలిన దారి, గోడ మొదట్లో వరుసగా రంధ్రాలు తొలిచి నీటిని వికర్షించే రసాయనం ఎక్కించడం.

ఇక ఆరో నీరు. డిసెంబరు తెల్లవారుజామున రేకుల గోడౌను లోపల చుక్కలు పడతాయి. ఆకాశంలో మబ్బు ఉండదు, రేకుల్లో చిల్లూ ఉండదు. రాత్రంతా ఆకాశంలోకి వేడిని వదిలి రేకు చల్లబడుతుంది, లోపలి గాలిలోని తేమ దానికి తగిలి నీరవుతుంది. చిల్లు వెతికి తారు పూసినా ఆగదు. గోడౌను శిఖరాన గాలి పోయే దారి పెడితే, రేకు అడుగున వేడిని ఆపే పొర వేస్తే ఆగుతుంది. కోల్డ్ స్టోరేజీల్లో ఇదే కథ మే నెలలో తలకిందులుగా జరుగుతుంది. గాలి 35 డిగ్రీలు, తేమ 50 శాతం ఉంటే, 23 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా మంచు పడుతుంది. పది డిగ్రీల లోపు చలిలో నెలల తరబడి ఉన్న మిర్చి టిక్కీని ఒక్కసారిగా అలాంటి గాలిలోకి తెస్తే బస్తా మీద చెమట పడుతుంది. బస్తా వేడెక్కేదాకా మూతి విప్పకుండా పట్టా కప్పి ఉంచాలి. కొందరు తొందరపడి అక్కడికక్కడే లారీకెత్తిస్తారు.

మిర్చికి తేమ ఎందుకంత శత్రువంటే, దాని వ్యాపారం నాలుగైదు శాతం తేమ తేడా మీదే నడుస్తుంది. పది, పదకొండు శాతం తేమ దగ్గర కాయ నిలవ ఉంటుంది. గోడకు ఆనించిన బస్తాలు చెమ్మ పీల్చుకుంటే బూజు లేస్తుంది, కాయ రంగు పోయి తాలు అవుతుంది, యార్డులో ధర జారిపోతుంది. కంటికి కనబడని నష్టం ఇంకా పెద్దది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు అంతుచిక్కకుండా చచ్చిపోయాయి. కారణం వాటి దాణాలోని బూజు పట్టిన వేరుశనగ పిండి అని తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు చేసే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. అదే బూజు మిర్చి మీదా పెరుగుతుంది. ఐరోపా దేశాలు మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములకు మించనివ్వవు. అంటే వంద టన్నుల మిర్చిలో ఒక్క గ్రాము. ఒక మూల ఉరిసిన శ్లాబు కింద తడిసిన కొన్ని టిక్కీలు మంచి సరుకుతో కలిసిపోతే మొత్తం కంటైనరు వెనక్కి రావడానికి అది చాలు. బస్తాల కింద చెక్కలు వేయడం, గోడకు మూరెడు ఎడం ఉంచడం చాదస్తం కాదని చెప్పడానికే ఈ లెక్క.

పత్తిది వేరే గొడవ. గింజ ఇంకా ప్రాణంతోనే ఉంటుంది, శ్వాసిస్తుంది. తడి తగిలితే గింజా, దాని మీది సూక్ష్మజీవులూ కలిసి మండె లోపల వేడి పుట్టిస్తాయి. దూది పసుపుబారుతుంది, గింజల నూనె నాణ్యత పడిపోతుంది. యూరియాకైతే తడి అక్కర్లేదు, గాలి చాలు. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ డెబ్బై శాతం దాటి కొంచెం పెరిగితే అది నీరు పీల్చుకుని గడ్డకడుతుంది.

సరుకు పోతే ఒక ఏడాది నష్టం. శ్లాబు సంగతి అలా కాదు. కాంక్రీటులోని సున్నపు గుణమే లోపలి కమ్మీలకు కవచం. ఏళ్ల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఆ గుణాన్ని తగ్గిస్తుంది, బోరు నీటిలోని క్లోరైడు కవచానికి తూట్లు పొడుస్తుంది. ఆ తర్వాత తుప్పు. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది, లోపలి నుంచి కాంక్రీటును నెట్టేస్తుంది. శ్లాబు పెచ్చులూడేది అందుకే. ఊడిన చోట సిమెంటు మెత్తితే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. కమ్మీ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, పూత పూసి అప్పుడు పూడ్చాలి. అంతకన్నా ముందు నీటి దారి మూసి ఉండాలి. లవణాలున్న నీరు కరెంటును బాగా మోస్తుందని చెప్పుకున్నాం కదా. చెమ్మ గోడలో స్విచ్చుబోర్డు ఉంటే మెయిను ఆపకుండా దాని జోలికి పోవద్దు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకయినా తెగే ఆర్‌సీసీబీ లేని కొట్టులో అది పెట్టించడం కోటింగు కన్నా ముందు పని.

వానల లెక్క కూడా చూసుకోవాలి. ప్రకాశం జిల్లాకు అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలు నైరుతికి తీసిపోని వాన తెస్తాయి. తుపానులు దానికి అదనం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. శ్లాబు మీది పూతకు పొడి కాంక్రీటు కావాలి కాబట్టి ఆ పని ఎండల్లోనే ముగియాలి. ముందుగా వాటం సరిచూడాలి: వంద అడుగులకు ఒక అడుగు పల్లం లేని మిద్దెకు ఎంత ఖరీదైన పూతైనా కొన్నేళ్లే.

చివరికి ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. అద్దె ఒప్పందంలో రాసుకోకపోతే ఇంటి యజమాని మరమ్మతు చేసి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పదు. చేయాల్సిన బాధ్యత ఆయనదే అయి, నోటీసు ఇచ్చాక కూడా చేయకపోతే అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చని 108వ సెక్షను చెబుతుంది. అగ్నిప్రమాద బీమా పాలసీల్లో ట్యాంకులు, పైపులు పగలడం వల్ల కలిగే నష్టానికి రక్షణ కూడా సాధారణంగా ఉంటుంది. నెలల తరబడి ఉరిసిన చెమ్మకు పరిహారం దొరకడం కష్టం. కొట్టు అద్దెకు తీసుకునే రోజే శ్లాబు, పైపులు, డ్రైనేజీ మరమ్మతు ఎవరిదో ఒక్కోదానికీ ఒక్కో వాక్యం కాగితం మీద రాయించుకోండి.